యాక్సిడెంట్ అయ్యి ఐదు నెలలైనా మా అన్నయ్య మామూలు అవ్వట్లేదు, ఇది పీటీఎస్‌డీ (ఘోరమైన సంఘటన తర్వాత మనసుకి పట్టుకునే సమస్య) ఏనా?

అందరికీ నమస్తే. మా అన్నయ్యకి ఐదు నెలల క్రితం బైక్ యాక్సిడెంట్ అయింది, తనకి చెయ్యి విరిగి అతుక్కుంది గానీ వెనక కూర్చున్న ఫ్రెండ్ మాత్రం బతకలేదు. మొదట్లో బాధ కదా, టైమ్ పడుతుందిలే అనుకున్నాం. కానీ ఇప్పటికీ రాత్రి రెండు మూడింటికి చెమటలతో ఉలిక్కిపడి లేస్తాడు, ఎక్కడైనా సడన్‌గా బ్రేక్ వేసిన సౌండ్ వస్తే మనిషి బిగుసుకుపోతాడు, ఆ రోడ్డు వైపు వెళ్ళడు, ఆ ఫ్రెండ్ పేరెత్తితే లేచి వెళ్ళిపోతాడు. చిన్నదానికే కోపం. అసలు నన్ను భయపెట్టేది అది కాదు, ఒకసారి "వాడి బదులు నేను పోవాల్సింది" అన్నాడు.

నేను చదివినదాన్ని బట్టి ఇలాంటివి నెల దాటి ఉండి రోజువారీ పనులకి అడ్డొస్తుంటే డాక్టర్‌కి చూపించాలట, ట్రామా మీద చేసే సీబీటీ (ఆలోచనలు, అలవాట్లు మార్చుకునేలా మాటలతో చేసేది), ఈఎమ్‌డీఆర్ (ఆ జ్ఞాపకాన్ని తలుచుకుంటూ కళ్ళు అటూ ఇటూ కదిలించేది) అనే థెరపీలు, అవసరమైతే డిప్రెషన్‌కి కూడా వాడే సెర్ట్రాలిన్ లాంటి మందులు ఉంటాయట. అన్నయ్యేమో "నాకేమన్నా పిచ్చా" అంటాడు (నాన్న కూడా అదే పాట).

ముందు సైకియాట్రిస్ట్ దగ్గరికా, సైకాలజిస్ట్ దగ్గరికా? థెరపీలో జరిగిందంతా మళ్ళీ మొదటి రోజే చెప్పిస్తారా, వాడి భయం అదే. "నేను పోవాల్సింది" అన్న ఆ మాట గురించి వాడిని సూటిగా అడగొచ్చా, అడిగితే ఇంకా ఎక్కువవుతుందా? ఇంట్లో ఎవరికైనా ఇలా అయ్యుంటే ఎలా ఒప్పించారో కొంచెం చెప్పండి ప్లీజ్.