ఇన్నేళ్లు రాజకీయాలు రాసిన చేతితో అమ్మ గురించి రాయడం ఎలా?

ప్రశ్న (హన్మకొండ నుంచి)

మాది కోరుట్ల దగ్గర పల్లె. హన్మకొండలో స్థిరపడ్డాను. 1999 ఎన్నికలప్పటి నుంచి రాజకీయ వ్యాసాలే రాస్తున్నాను. 2009 డిసెంబర్ 9 రాత్రి తెలంగాణ ప్రకటన వచ్చినా, 2016లో ఉమ్మడి జిల్లాను విడగొట్టినా, 2019లో ములుగు జిల్లా అయినా తెల్లారేలోపు తొమ్మిది వందల పదాలు పంపాల్సిందే. పంపాను. ఆ పనంటే నాకు ఇప్పటికీ గౌరవమే, మానను.

వచ్చే నెల నుంచి సొంతంగా ఒక న్యూస్‌లెటర్ మొదలుపెడుతున్నాను. కథలు, జ్ఞాపకాలు, చెట్లు, వంటలు, ఇన్నాళ్లూ వాయిదా వేసినవన్నీ అందులో రాయాలని కోరిక. మొదటిది మా అమ్మ బీడీల మీద. తడిపిన తునికాకును రాత్రంతా బట్టలో చుట్టి ఉంచేది. పొద్దున్నే రేకు పెట్టి కత్తెరతో కత్తిరించేది. చాట ఒళ్లోకి వచ్చిందంటే ఇక మధ్యాహ్నం దాకా లేవదు. తంబాకు పోసి, చుట్టి, బొటనవేలి గోటితో మూతి మలిచి దారం కట్టేది. ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట, నలభై కట్టలైతే వెయ్యి. ఎక్కాలు నేను బడికంటే ముందు ఆ చాట పక్కనే నేర్చుకున్నాను.

ఇంతవరకు బాగానే వస్తోంది. మూడో పేరాకు వచ్చేసరికి పీఎఫ్, కనీస కూలి, పింఛను, ఏ ప్రభుత్వం ఏం చేసింది అన్నవి వచ్చి కూర్చుంటున్నాయి. అమ్మ కనిపించకుండా పోతోంది. నాలుగుసార్లు రాశాను, నాలుగుసార్లూ ఇదే. ఈ అలవాటు నుంచి బయటపడ్డవాళ్లు ఉంటే చెప్పండి. పాత పాఠకుల్ని ఇందులోకి పిలవాలా, వేరే పేరుతో రాయాలా? నా పాత వ్యాసాల్లోని పేరాలు వాడుకోవచ్చా?

జవాబు 1 (జనగామ, రిటైర్డ్ తెలుగు పండితుణ్ని)

తమ్ముడూ, పేరు మార్చకు. వరంగల్ నుంచే పీవీ నరసింహారావు, పాములపర్తి సదాశివరావు కలిసి కాకతీయ పత్రిక నడిపినప్పుడు జయ-విజయ అని రాసేవారు. అది ఇద్దరు కలిసి రాసిన రాతకు పెట్టుకున్న పేరు. పీవీ ఒక పెద్ద తెలుగు నవలను హిందీలోకి తెచ్చినప్పుడు మాత్రం సొంత పేరే వేసుకున్నారు. నీ పాఠకులు నీ పేరు చూసే తలుపు తీస్తారు.

పింఛను మాటను తరిమెయ్యాల్సిన పనీ లేదు. బీడీ చుట్టే ఇంట్లో అది రోజూ నలిగే మాటే గదా. కాకపోతే నువ్వు దాన్ని వేదికెక్కి చెప్తున్నావు. అమ్మ నోటితో చెప్పించు, పేరా దానంతటదే చిన్నదవుతుంది.

జవాబు 2 (కాజీపేట)

అన్నా, టెక్నికల్ సంగతులు నేను చెప్తా. సబ్‌స్టాక్ (న్యూస్‌లెటర్లు పంపే వెబ్‌సైట్) అయితే ఒకే న్యూస్‌లెటర్‌లో విభాగాలు పెట్టుకోవచ్చు. ఎవరికి ఏది వద్దో వాళ్లు దాన్ని ఆపేసుకుంటారు, కాబట్టి పాతవాళ్లను ధైర్యంగా పిలువు. చందా పెడితే పది శాతం సబ్‌స్టాక్ వాళ్లు తీసుకుంటారు. ఈమెయిళ్ల లిస్టు ఎప్పుడైనా దించుకుని వేరే చోటికి పోవచ్చు, నెలనెలా ఒక కాపీ దాచుకో.

ఇంకోటి. మెయిల్ సుమారు 102 కేబీ దాటితే జీమెయిల్ కింది భాగాన్ని కత్తిరించి లింకు ఇస్తుంది. యూనికోడ్‌లో మన అక్షరాలు బరువు: ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు, మన ‘క’కు మూడు, గుణింతం పడితే ఇంకో మూడు. పదిహేను వందల పదాల్లోపు ముగిస్తే టెన్షన్ ఉండదు. పాత వ్యాసాలు ‘అను’ ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లు) ఉంటే ముందు యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు ఒక్కొక్కటీ కళ్లతో చూసుకో.

హక్కుల సంగతి: 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చూడు. పత్రికలో ఉద్యోగిగా రాసినా, వేరే ఒప్పందం లేకపోతే, పత్రికల్లో ప్రచురించుకునే హక్కే యజమానిది, మిగతావి రచయితవి. బయటి నుంచి రాసినవైతే నువ్వు సంతకం పెట్టిన కాగితంలో ఏముందో చదువుకో.

జవాబు 3 (మెట్‌పల్లి)

సార్, మా అమ్మ కూడా బీడీలు చుట్టింది. మీ ప్రశ్నలో చేతుల పని అంతా ఉంది, అమ్మ మాట ఒక్కటీ లేదు. కార్ఖానాలో బాగాలేవని బీడీలు పక్కన పడేసిన రోజు మా అమ్మ ఇంటికి వచ్చి ఎవరితోనూ మాట్లాడేది కాదు. వాటికి కూలి రాదు, తక్కువపడ్డ ఆకు మన పైసలతో కొనాలె. ఆ రోజు పొయ్యి మీద ఏం ఉడికింది, ఆమె ఎటు తిరిగి పడుకుంది, నాకు అవే గుర్తు. మీకూ అలాంటి రోజు ఒకటి ఉండే ఉంటుంది. అది రాయండి సార్, చదవడానికి నేనున్నాను.

ప్రశ్న అడిగినవారు మళ్లీ

అందరికీ కృతజ్ఞతలు. మెట్‌పల్లి అమ్మాయి మాట చదివి నిన్న అమ్మకు ఫోన్ చేశాను. తమ్ముడి దగ్గర ఉంటోంది. అంతసేపు చుట్టేటప్పుడు ఏం ఆలోచించేదానివే అని అడిగాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు. “ఏం ఆలోచిస్తం బిడ్డా, దారం తెగకుంట చూసుకునుడే” అంది. కాసేపాగి, “నువ్వు పక్కన ఎక్కం తప్పు చదివితే నా లెక్క తప్పేది” అంది.

అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టాను. పింఛను పేరా పూర్తిగా తీసేయలేదు, రెండు వాక్యాలు మిగిలాయి. మొదటిసారి వచ్చిన డబ్బుతో అమ్మ నా కూతురికి కాళ్ల పట్టీలు కొన్నది. మొత్తం పదకొండు వందల పదాలైంది. నా పేరుతోనే పంపుతున్నాను.