37 ఏళ్ళకి బేసిక్ మౌంటనీరింగ్ కోర్సు చేయగలనా? చేసినోళ్ళు చెప్పండి

ఓరుగల్లు_టీచర్:
హాయ్ అందరికీ. హన్మకొండలో స్కూల్లో లెక్కలు చెప్తా. ఉత్తరకాశీ నిమ్‌లో (నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటనీరింగ్) 28 రోజుల బేసిక్ కోర్సుకి అప్లై చేద్దామని రెండేళ్ళ నుంచి అనుకుంటున్నా, 40 దాటితే తీసుకోరు కదా, ఇంక ఆగితే అయ్యేది కాదు. పాపని మా అమ్మ చూసుకుంటానంది. భయం ఒక్కటే, ఇరవై ఏళ్ళ పిల్లల మధ్య నేనొక్కదాన్నే వెనకబడి అందర్నీ ఆపేస్తానేమో అని. రోజూ భద్రకాళి చెరువు కట్ట మీద 5 కిలోమీటర్లు నడుస్తా, అంతే. హిందీ అర్థమవుతుంది గానీ మాట్లాడాలంటే తడబడతా.

మంచుదారి:
అక్కా నేను 34లో చేశా, అక్కడే. మీ నడక మంచిదే కానీ అసలు కష్టం బరువుతోటి. మొదటి రోజులు తేఖ్లా రాళ్ళ దగ్గర తాడుకి ముడులు వేయడం, ర్యాపెలింగ్ (తాడు సాయంతో బండ దిగడం), రాక్ క్లైంబింగ్ నేర్పిస్తారు, అక్కడికి రోజూ రక్‌సాక్ వేసుకునే నడవాలి. తర్వాత భుక్కీ నుంచి తేల్ క్యాంప్, గుజ్జర్ హట్, ఆ పైన డోక్రాని గ్లేసియర్ దగ్గర బేస్ క్యాంప్, 12 వేల అడుగుల పైమాటే. స్లీపింగ్ బ్యాగు, మంచు బూట్లు, క్రాంపాన్లు (జారకుండా బూట్లకి కట్టుకునే ఇనుప పళ్ళు), ఐస్ యాక్స్, రేషన్లో మన వాటా అన్నీ కలిపి నా వీపు మీద దగ్గర దగ్గర 20 కిలోలు. తేల్ క్యాంప్ ఎక్కేటప్పుడు ఏడ్చేశాను నిజంగా. మా రోప్‌లో, అంటే ఏడుగురి బ్యాచ్‌లో, నేనే స్లో. మా ఇన్‌స్ట్రక్టర్ సార్ ఏం చేశారంటే నన్ను తీసుకెళ్ళి అందరికంటే ముందు నిలబెట్టారు, ఈమె నడిచినట్టే అందరూ నడవండి అని. మొదటి రోజు పరిగెత్తిన కుర్రాళ్ళిద్దరు బేస్ క్యాంప్‌లో ఎత్తు పడక తలనొప్పితో టెంట్లోంచి లేవలేదు, నాకేం కాలేదు. హిందీ గురించి ఆలోచించకండి, తాడు పట్టుకున్నాక చేతులు చూసి నేర్చుకుంటాం.

గోల్కొండ_నడక:
నేను సగంలో దిగొచ్చినోణ్ణి, అందుకే చెప్తున్నా మేడం. తలనొప్పి మొదలైతే దాచొద్దు. నేను రెండు రోజులు దాచా, గ్రేడ్ పోతుందని, ‘A’ గ్రేడ్ వస్తేనే అడ్వాన్స్ కోర్సుకి పంపిస్తారు కదా. మూడో రోజు వాంతులు, అడుగు తీసి అడుగు వేయలేకపోయా, కిందికి దింపేశారు. మొదటి రోజే చెప్పుంటే ఒక రోజు రెస్ట్‌తో పోయేదేమో, ఇప్పటికీ బాధే. దాహం లేకపోయినా నీళ్ళు తాగుతూనే ఉండండి.

భువనగిరి_బండ:
వెళ్ళేముందు ఒక్కసారి భువనగిరి రండి, కోట బండ మీద రాక్ క్లైంబింగ్ నేర్పిస్తారు. 2014లో 13 ఏళ్ళకే ఎవరెస్ట్ ఎక్కిన మన పూర్ణ మొదలుపెట్టింది ఈ బండ మీదే. ఎత్తు అంటే భయం ఉందో లేదో ఇక్కడే తెలిసిపోతుంది, అంత దూరం పోయి తెలుసుకోవడం ఎందుకు. మోకాళ్ళు కూడా చూపించుకోండి, దిగేటప్పుడే దెబ్బ.

ఓరుగల్లు_టీచర్:
అందరికీ చాలా థాంక్స్, రేపట్నుంచే బ్యాగులో 8 కిలోల బియ్యం వేసుకుని మా బిల్డింగ్ మెట్లు ఎక్కుతా, వారానికో కిలో పెంచుతా. ఇంకొక్కటి, పైన ఫోన్ కలుస్తుందా? పాప రాత్రి నాతో మాట్లాడందే పడుకోదు.

మంచుదారి:
కలవదు అక్కా. పైన ఉన్నన్ని రోజులూ మాకు సిగ్నలే లేదు. పాపకి ఇప్పట్నుంచే చెప్పి పెట్టండి, భుక్కీ వెళ్ళే ముందురోజు రాత్రి మాత్రం ఎంతసేపైనా మాట్లాడండి.