గరుడ సేవ రద్దీకి మొబైల్ టవర్ల సెల్ సెట్టింగులు ముందే మార్చాలా, ఆటోమేటిక్‌గా వదిలేయాలా?

అందరికీ నమస్కారం. తిరుపతిలో మొబైల్ నెట్‌వర్క్ ఆప్టిమైజేషన్ పనిలో (టవర్ సెట్టింగులు సర్ది కాల్స్, డేటా సాఫీగా సాగేలా చూసే పని) కొత్తగా చేరాను. అనుభవం ఉన్నవాళ్లు కాస్త దారి చూపండి.

బ్రహ్మోత్సవాల్లో అయిదో రోజు, గరుడ సేవనాడు, తిరుమల మాడవీధుల్లో లోడ్ ఒకచోట నిలవదు. వాహనం ఏ గ్యాలరీ ముందుకొస్తే అక్కడి జనమంతా ఒక్కసారిగా ఫోన్లెత్తి ఇంటికి వీడియో కాల్ చేస్తారు (అమ్మకి దర్శనం చూపించాలి కదా!). అంటే ఇబ్బంది ఎక్కువగా అప్‌లింక్‌లో, ఫోన్ నుంచి టవర్‌కి వెళ్లే దారిలో. ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, కాల్ మాత్రం కలవదు. కౌంటర్ల (నెట్‌వర్క్ లోడ్ లెక్కల) రిపోర్టు పదిహేను నిమిషాలకోసారి వస్తుంది. అది చూసి సర్దేలోపు వాహనం పక్క వీధిలో ఉంటుంది. సేవ అయ్యాక అదే రద్దీ ఘాట్ రోడ్డు మీదుగా అలిపిరి వైపు దిగుతుంది.

హ్యాండోవర్ ఆఫ్‌సెట్ (ఫోన్ ఎప్పుడు పక్క సెల్‌కి మారాలో చెప్పే సెట్టింగ్) మార్చి పక్క సెల్‌కి, అంటే పక్క యాంటెన్నా కవర్ చేసే ప్రాంతానికి, లోడ్ నెట్టొచ్చు. కానీ ఎక్కువ మారిస్తే ఫోన్లు రెండు సెల్‌ల మధ్య అటూ ఇటూ దూకుతూనే ఉంటాయి. యాంటెన్నా టిల్ట్ (వంపు) కిందికి దించితే ఇంటర్‌ఫియరెన్స్ తగ్గుతుంది, అంచుల్లో కవరేజీ పోతుంది. మొబైల్ టవర్ బండి పెట్టినా, దానికి సరిపడా బ్యాక్‌హాల్ (టవర్‌ని ప్రధాన నెట్‌వర్క్‌తో కలిపే లింకు) లేకపోతే దండగే.

ఇలాంటి కదిలే రద్దీకి మీరు టైమ్ ప్రకారం ముందే సెట్టింగులు రాసిపెడతారా, ఆటోమేటిక్ లోడ్ బ్యాలెన్సింగ్‌ని నమ్ముతారా? హిస్టెరిసిస్ (పక్క సెల్ సిగ్నల్ ఎంత మెరుగైతే ఫోన్ మారాలో), టైమ్ టు ట్రిగ్గర్ (ఆ తేడా ఎంతసేపు నిలవాలో) ఎంత పెడతారు? పుష్కరాల్లో పనిచేసినవాళ్లు ఉంటే తప్పక చెప్పండి.