అపలేచియన్ పర్వతాలకి ఆ పేరెవరిది?

ప్రశ్న: స్కూల్లో సోషల్ పుస్తకంలో అపలేచియన్ పర్వతాలు అని చదువుకున్నాం, ఇప్పుడేమో ఒకరు అపలేషియన్ అంటారు ఇంకొకరు అపలాచియన్ అంటారు. ఏది దగ్గర? అసలు ఏ భాష మాట ఇది?

జవాబు: అపలాచీ అనే ఒక అమెరికా ఆదివాసీ జాతి పేరండీ. వాళ్ళది కొండప్రాంతమే కాదు, ఫ్లోరిడాలో ఇప్పటి తలహాసీ చుట్టుపక్కల, మొక్కజొన్న బాగా పండే నేల. 1528లో స్పెయిన్ సేనాని నార్వయెజ్ దండు ఫ్లోరిడాలో దిగి బంగారం ఎక్కడ అని అడిగితే అక్కడివాళ్ళు ఉత్తరానికి చెయ్యి చూపించి ఈ పేరే చెప్పారట, తీరా పోయి చూస్తే ఉన్నది మొక్కజొన్న. తర్వాత మ్యాపులు గీసినవాళ్ళు ఆ పేరుని పైకి పైకి జరిపి చివరికి కొండలకి అంటగట్టేశారు. ఆ కొండల దక్షిణాన ఉండే జనం ఇప్పటికీ "లాచ్" అనే పలుకుతారు, "లేష్" అంటే వాళ్ళకి నచ్చదు. నా ఓటు అపలాచియన్‌కే.

ప్రశ్న: మరి ఆ మనుషులేమయ్యారు?

జవాబు: ఇదే నాకు బాధగా ఉండే సంగతి. 1633లో ఫ్రాన్సిస్కన్ శాఖకి చెందిన క్రైస్తవ ఫాదర్లు వచ్చి మిషన్లు, అంటే మతప్రచార కేంద్రాలు పెట్టారు, 1647లో తిరుగుబాటు జరిగింది, స్పెయిన్ వాళ్ళు అణిచేశారు, 1656లో వాళ్ళ ముఖ్యమైన మిషన్ శాన్ లూయిస్ ఊరు ఇప్పుడున్న గుట్టమీదికి మారింది. అక్కడ మైదానానికి ఒకవైపు చర్చి, ఇంకోవైపు అపలాచీల పెద్ద సభా మందిరం, మధ్యలో బంతాట. ఆట ఎలాగంటే చర్మంతో చేసిన చిన్న గట్టి బంతిని కాలితో తన్ని నిలువు స్తంభానికి కొట్టాలి, తగిలితే ఒక పాయింటు, పైనున్న గద్ద గూట్లో పడితే రెండు, పదకొండుకి గెలుపు. ఫాదర్ హువాన్ దె పైవా ఇది దయ్యాల ఆట, ఆపాలి అని 1676లో పెద్ద రాతే రాశాడు, ఆ రాతలోనే ఆట వెనకున్న వాళ్ళ పురాణ కథ కూడా మనదాకా వచ్చింది. 1704లో ఇంగ్లీషువాళ్ళ కరొలైనా నుంచి జేమ్స్ మూర్ క్రీకు అనే ఆదివాసీ జాతి యోధుల్ని వెంటేసుకొచ్చి మిషన్లమీద పడ్డాడు, ఎంతోమందిని బానిసలుగా పట్టుకుపోయారు, శాన్ లూయిస్ వాళ్ళు తమ ఊరు తామే తగలబెట్టుకుని వెళ్ళిపోయారు. కొందరు ఫ్రెంచివాళ్ళ మొబీల్ ఊరికి చేరారు, వాళ్ళ వారసులు ఇప్పుడు లూసియానాలో ఉన్నారు, తలిమాలి అనే పాత పేరుతోనే.

ప్రశ్న: భాష ఉందా ఇంకా?

జవాబు: మాట్లాడేవాళ్ళు లేరండీ. 1688లో అపలాచీ పెద్దలు స్పెయిన్ రాజు రెండో కార్లోస్‌కి రాసిన ఉత్తరం ఒకటి మిగిలింది, పక్కనే స్పానిష్ అనువాదం ఉండబట్టి చదవగలుగుతున్నారు. మస్కోగియన్ అనే ఆదివాసీ భాషల కుటుంబంలో ఇది అలబామా, కొవసాటి భాషలకి దగ్గర చుట్టమని భాషాశాస్త్రవేత్త మేరీ హాస్ 1949లో చూపించింది, ఆ రెండూ టెక్సస్, లూసియానాల్లో ఇంకా మాట్లాడుతున్నారు కాబట్టి ఉత్తరంలో అంతుపట్టని పదం వస్తే ముందు వాటిల్లోనే వెతుక్కోవాలి.