ఎలాస్టిక్‌సెర్చ్: రీఇండెక్స్ వెనకాల నడుస్తూనే ఉంది, సెర్చ్ నెమ్మదించింది. ఆపేయాలా, నడవనివ్వాలా?

గుంటూరు_కుర్రాడు అడిగారు:

అందరికీ నమస్కారం. పాత తెలుగు పత్రికల వ్యాసాల సెర్చ్ ఒకటి మా టీమ్ నడుపుతోంది. సెర్చ్ ఇంజిన్ ఎలాస్టిక్‌సెర్చ్ 8, మూడు డేటా నోడ్లు (సర్వర్లు), ఇండెక్స్‌కి 6 ప్రైమరీ షార్డులు (ముక్కలు), ఒక్కో దానికి ఒక రెప్లికా (నకలు), సుమారు 2 కోట్ల డాక్యుమెంట్లు.

పాఠకుల నుంచి ఎప్పటినుంచో ఒక ఫిర్యాదు ఉంది. "ఫేస్‌బుక్" అని వెతికితే కొన్ని వ్యాసాలు, "ఫేస్బుక్" అని వెతికితే వేరే వ్యాసాలు వస్తున్నాయి. స కింద బ ఒత్తు పడకుండా కొందరు మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ పెడతారు, కొందరు పెట్టరు. కంటికి కనపడని ఆ క్యారెక్టర్ టోకెన్‌లో (ఇండెక్స్‌లో చేరే పదంలో) అలాగే ఉండిపోతోంది. దాన్ని తీసేసేలా అనలైజర్‌లో (పాఠాన్ని పదాలుగా విడగొట్టే భాగంలో) మ్యాపింగ్ క్యారెక్టర్ ఫిల్టర్ పెట్టి, కొత్త ఇండెక్స్ తయారుచేసి, ఈ ఉదయం పాతదాని నుంచి రీఇండెక్స్ (డాక్యుమెంట్లన్నీ కొత్తదాంట్లోకి కాపీ చేయడం) మొదలుపెట్టాం.

60 సెకన్లకి మధ్యలో ఉన్న ప్రాక్సీ సర్వర్ ఎన్‌జింక్స్ నుంచి 504 గేట్‌వే టైమౌట్ వచ్చింది. పని ఆగిపోయిందనుకున్నాం. కానీ కొత్త ఇండెక్స్‌లో కౌంట్ పెరుగుతూనే ఉంది, సైట్‌లో సెర్చ్ బాగా నెమ్మదించింది. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. నా సందేహాలు ఇవి. ఇది నిజంగా ఇంకా నడుస్తోందా, ఎక్కడ చూడాలి? క్యాన్సెల్ చేస్తే ఇప్పటిదాకా వెళ్లినవి పోతాయా? ఇంకో టెన్షన్ ఏంటంటే, ఈ రాత్రి కెర్నల్ ప్యాచ్ కోసం ఒక నోడ్‌ని రీస్టార్ట్ చేయాలి. అప్పుడు దీని గతేంటి?

---

నైట్‌షిఫ్ట్_ఆప్స్:

నడుస్తోంది. 504 ఇచ్చింది మధ్యలో ఉన్న ఎన్‌జింక్స్ మాత్రమే. దాని రీడ్ టైమౌట్ డిఫాల్ట్‌గా 60 సెకన్లు. కనెక్షన్ తెగినా రీఇండెక్స్ ఆగదు. టాస్క్స్ ఏపీఐకి గెట్ కొట్టి, యాక్షన్స్ దగ్గర స్టార్ రీఇండెక్స్ అని, డీటెయిల్డ్ ట్రూ అని ఇవ్వండి. టాస్క్ ఐడీ, స్టేటస్ అన్నీ కనిపిస్తాయి.

క్లస్టర్ పెండింగ్ టాస్క్స్ అని ఇంకో ఏపీఐ ఉంది, అందులో వెతక్కండి. అది మాస్టర్ నోడ్ దగ్గర క్యూలో ఉన్న పనుల లిస్టు: ఇండెక్స్ సృష్టించడం, మ్యాపింగ్ మార్చడం, షార్డులు కేటాయించడం లాంటివి. అక్కడ ఖాళీగా ఉందని రీఇండెక్స్ అయిపోయిందనుకుంటే పొరపాటు.

---

గుంటూరు_కుర్రాడు:

థాంక్సండీ, దొరికింది. స్టేటస్ ఇలా ఉంది:

టోటల్ 2,04,00,000
క్రియేటెడ్ 61,00,000
బ్యాచెస్ 6,100
వెర్షన్ కాన్‌ఫ్లిక్ట్స్ 0
రీట్రైస్‌లో బల్క్ 340, సెర్చ్ 0
థ్రాటిల్డ్ మిల్లీస్ 0
రిక్వెస్ట్స్ పర్ సెకండ్ -1

రన్నింగ్ టైమ్ నానోసెకన్లలో ఇచ్చాడు. లెక్కేస్తే దాదాపు 110 నిమిషాలు. క్యాన్సెలబుల్ ట్రూ అని ఉంది. కొట్టేయమంటారా?

---

క్లస్టర్_కావలి:

వద్దు, ఆగండి. ముందు వేగం తగ్గించండి.

మీరిచ్చిన అంకెల్లోనే అసలు విషయం ఉంది. రిక్వెస్ట్స్ పర్ సెకండ్ -1 అంటే పగ్గం లేదని అర్థం. 110 నిమిషాల్లో 61 లక్షలంటే సెకనుకి 920 పైచిలుకు డాక్యుమెంట్లు రాస్తోంది. బల్క్ రీట్రైస్ 340 చూడండి, అక్కడుంది ప్రమాదం. రైట్ క్యూ నిండి నోడ్లు 429 (ఇక తీసుకోలేం అనే ఎర్రర్) ఇస్తూ తిప్పి పంపుతున్నాయి, రీఇండెక్స్ కాస్త ఆగి మళ్లీ ప్రయత్నిస్తోంది. అంటే మీ మూడు నోడ్లూ ఊపిరాడని స్థితిలో ఉన్నాయి. పాఠకుల సెర్చ్‌లు కూడా అవే నోడ్ల సీపీయూ మీద, అవే డిస్కుల మీద నడవాలి కదా.

రీఇండెక్స్ ఏపీఐలోనే ఆ టాస్క్ ఐడీకి రీథ్రాటిల్ అని ఉంది. రిక్వెస్ట్స్ పర్ సెకండ్ 500 అని పోస్ట్ కొట్టండి. టాస్క్ ఆగదు, మొదటికి రాదు. డిఫాల్ట్ బ్యాచ్ 1000 డాక్యుమెంట్లు. సెకనుకి 500 అంటే ఒక్కో బ్యాచ్‌కి 2 సెకన్లు కేటాయించినట్టు. రాయడానికి అర సెకను పడితే మిగతా ఒకటిన్నర సెకన్లు ఊరికే కూర్చుంటుంది. ఆ ఖాళీలోనే మీ పాఠకుల సెర్చ్‌లు నడుస్తాయి. ఇంకా సుమారు 1 కోటి 43 లక్షలు మిగిలాయి కాబట్టి ఈ వేగంతో దాదాపు 8 గంటలు పడుతుంది. రాత్రి ట్రాఫిక్ తగ్గాక మళ్లీ రీథ్రాటిల్ కొట్టి పెంచుకోవచ్చు.

పెంచితే మార్పు వెంటనే కనిపిస్తుంది. తగ్గిస్తే మాత్రం నడుస్తున్న బ్యాచ్ అయ్యాకే అమలవుతుంది. మధ్యలో పెద్ద విరామం వచ్చి స్క్రోల్ (సోర్స్‌ని విడతలుగా చదివే సెర్చ్) గడువు తీరిపోకుండా అలా పెట్టారు. కాబట్టి కొట్టిన మరుక్షణం గ్రాఫ్ దిగలేదని కంగారుపడి మళ్లీ మళ్లీ కొట్టకండి.

క్యాన్సెల్ సంగతి. అది "ఇక చాలు" అని టాస్క్‌కి చెప్పడం మాత్రమే. చేతిలో ఉన్న బ్యాచ్ ముగించుకుని ఆగుతుంది, అందాకా లిస్టులో కనిపిస్తూనే ఉంటుంది. అప్పటికే కొత్త ఇండెక్స్‌లోకి చేరినవి అక్కడే ఉంటాయి, రోల్‌బ్యాక్ లాంటిదేమీ లేదు. మీ 61 లక్షలూ ఎక్కడికీ పోవు. కానీ ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకుని అక్కడినుంచి మొదలుపెట్టే సదుపాయం లేదు. మళ్లీ మొదలుపెడితే మొదటి డాక్యుమెంట్ నుంచే చదువుతుంది. అప్పుడు డెస్టినేషన్‌లో ఆప్ టైప్ క్రియేట్ అని, కాన్‌ఫ్లిక్ట్స్ ప్రొసీడ్ అని పెట్టుకుంటే, ఉన్నవాటిని కాన్‌ఫ్లిక్ట్‌గా లెక్కేసి వదిలేసి, లేనివి మాత్రమే రాస్తుంది.

ఇక ఈ రాత్రి రీస్టార్ట్. అసలు భయపడాల్సింది దీనికే. టాస్క్ ఐడీలో కోలన్‌కి ముందున్నది నోడ్ ఐడీ. మీ రిక్వెస్ట్ ఏ నోడ్‌కి తగిలిందో ఆ నోడే దీన్ని నడిపిస్తోంది. ఆ నోడ్ పడిపోతే టాస్క్ కూడా దాంతోనే పోతుంది, వేరే నోడ్ దాన్ని అందుకోదు. "అయితే వేరే నోడ్‌ని రీస్టార్ట్ చేస్తాం" అంటారేమో. మీకున్నవే మూడు నోడ్లు, సోర్స్ షార్డులు మూడింటి మీదా ఉంటాయి. స్క్రోల్ తెరిచి పెట్టుకున్న షార్డ్ కాపీ ఏ నోడ్ మీదుంటే ఆ నోడ్ వెళ్లగానే స్క్రోల్ పోతుంది, సెర్చ్ ఫెయిల్యూర్‌తో రీఇండెక్స్ మొత్తం ఆగిపోతుంది. రెప్లికా ఉన్నా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఆ స్క్రోల్ ఆ కాపీకే కట్టుబడి ఉంది. కెర్నల్ ప్యాచ్ వాయిదా వేయించండి. మీ మేనేజర్‌కి పైన రాసింది చూపించి మరీ అడగండి.

ఇంకొకటి ఉంది, చాలామందికి పని అయిపోయాక గానీ తెలియదు. వెయిట్ ఫర్ కంప్లీషన్ ఫాల్స్ అని పెట్టి మొదలుపెట్టి ఉంటే, వెంటనే టాస్క్ ఐడీ చేతికొచ్చేది, ముగిశాక ఫలితం డాట్ టాస్క్స్ అనే ఇండెక్స్‌లో డాక్యుమెంట్‌గా భద్రంగా ఉండేది. మామూలుగా మొదలైన పనికి అది ఉండదు. మిర్చి యార్డులో సరుకు దించి చీటీ తీసుకోకుండా వచ్చినట్టే. టాస్క్ ముగిసిన క్షణం దాని జవాబు తెగిపోయిన కనెక్షన్‌కి వెళ్లి పోతుంది. తర్వాత ఆ ఐడీతో అడిగితే 404 వస్తుంది. గెలిచిందో, సగంలో చచ్చిందో చెప్పేవాళ్లు ఉండరు. అందుకే ఇప్పటినుంచి ఐదు నిమిషాలకోసారి స్టేటస్‌ని ఫైల్‌లోకి రాసే చిన్న స్క్రిప్ట్ పెట్టండి. ముగిశాక కొత్త ఇండెక్స్‌కి రీఫ్రెష్ (రాసినవి సెర్చ్‌లో కనపడేలా చేయడం) కొట్టి, రెండిట్లో కౌంట్లు పోల్చండి.

---

షార్డు_సంగతులు:

స్లైసెస్ ఆటో పెట్టి ఉంటే ఇంత సేపు పట్టేది కాదు కదా? షార్డుకొకటి చొప్పున 6 స్లైసులుగా సమాంతరంగా నడిచేది. మా దగ్గర అలాగే చేస్తాం, గంటలోపే తేలిపోతుంది.

---

క్లస్టర్_కావలి:

ఖాళీ క్లస్టర్‌లో మీరన్నది సరే. ఇక్కడ ఒక్క స్లైస్‌కే 429లు వస్తున్నాయి. ఆరు పెడితే రీట్రైస్ పెరగడం, సెర్చ్ ఇంకా కుంగడం తప్ప లాభం లేదు. పైగా నడుస్తున్న టాస్క్‌ని మధ్యలో స్లైసులు చేయలేం.

స్లైసులు వాడేటప్పుడు పేరెంట్ టాస్క్ స్టేటస్ చూసి కంగారుపడేవాళ్లని చూశాను. పేరెంట్‌లో ముగిసిన స్లైసుల లెక్కలే కలుస్తాయి. ఒక్క స్లైస్ కూడా ముగియనంతసేపు అక్కడ పని జరుగుతున్నట్టే కనపడదు. చైల్డ్ టాస్కులు చూడాలి, గ్రూప్ బై పేరెంట్స్ పెడితే ఒకదాని కింద ఒకటి వస్తాయి. క్యాన్సెల్ గానీ రీథ్రాటిల్ గానీ పేరెంట్‌కి ఇస్తే చాలు, పిల్లలకి అదే పంచుతుంది.

నన్నడిగితే మీ పత్రికల ఇండెక్స్‌కి స్లైసుల కంటే సంవత్సరాలవారీగా ముక్కలు చేయడం మేలు. ప్రచురణ తేదీ మీద రేంజ్ క్వెరీ పెట్టి, 1950 నుంచి 1959 ఒక టాస్క్, 1960 నుంచి 1969 ఇంకో టాస్క్, ఇలా ఒకదాని తర్వాత ఒకటి. ప్రతిదీ వెయిట్ ఫర్ కంప్లీషన్ ఫాల్స్‌తో. నోడ్ పడితే ఆ పదేళ్ల ముక్క ఒక్కటే మళ్లీ చేస్తారు. రెండు కోట్లని ఒకే టాస్క్‌లో పెడితే గంటల తరబడి మూడు నోడ్లూ క్షేమంగా ఉండాలని మొక్కుకుంటూ కూర్చోవాలి. నేను ఆన్‌కాల్‌లో ఉన్నన్నాళ్లూ పెద్ద టాస్కులకి ఒప్పుకోను. పోయినా నష్టం లేనంత చిన్నదిగా ఉంటేనే రాత్రి నిద్ర పడుతుంది. ప్రతి రిక్వెస్ట్‌కి ఎక్స్ ఒపేక్ ఐడీ హెడర్‌లో ఏ దశాబ్దమో రాసి పంపండి. టాస్కుల లిస్టులో ఆ పేరు కనిపిస్తుంది, ఎవరు ఏది మొదలుపెట్టారో వెతుక్కోనక్కర్లేదు.

డిస్క్ చూశారా? రెండో కాపీ పెరుగుతోంది. 85 శాతం దాటితే ఆ నోడ్ మీదకి కొత్త రెప్లికాలు రావు, 90 దాటితే అక్కడున్న షార్డులని వేరే నోడ్లకి తరలించడం మొదలవుతుంది, 95 దాటితే ఆ నోడ్ మీద షార్డ్ ఉన్న ఇండెక్సుల్లో రాతలే ఆగిపోతాయి. అందులో మీ లైవ్ ఇండెక్స్ కూడా ఉండొచ్చు. డిఫాల్ట్ హద్దులివే.

---

గుంటూరు_కుర్రాడు:

కావలి గారూ, చాలా చాలా థాంక్స్. 500కి తగ్గించాం. కాసేపటికే సెర్చ్ మామూలు స్థితికొచ్చింది, రీట్రైస్ పెరగడం కూడా ఆగింది. డిస్కులు 70 శాతం దగ్గరున్నాయి. ప్యాచ్ వచ్చే వారానికి జరిపారు. కొత్త ఇండెక్స్‌కి రీఫ్రెష్ ఇంటర్వెల్ -1, రెప్లికాలు 0 చేస్తే ఇంకా తేలికవుతుందని ఒక కొలీగ్ అంటున్నారు. నడుస్తుండగా మార్చొచ్చా?

ఇంకో అనుమానం. ఉదయం నుంచి ఎడిటోరియల్ వాళ్లు పాత ఇండెక్స్‌లో కొన్ని వ్యాసాలు సరిదిద్దారు, కొన్ని కొత్తవి చేర్చారు, రెండుమూడు తీసేశారు. అవి కొత్తదాంట్లోకి వస్తాయా?

---

క్లస్టర్_కావలి:

రెండు సెట్టింగులూ నడుస్తుండగా మార్చొచ్చు. అసలు డేటా పాతదాంట్లో ఉంది కాబట్టి కొత్తదానికి ఇప్పుడు రెప్లికా లేకపోయినా పోయేదేమీ లేదు. రీఫ్రెష్ ఆపాక కౌంట్ కదలదు. ఆ సంగతి టీమ్‌లో అందరికీ ముందే చెప్పండి, లేకపోతే ఆగిపోయిందనుకుని ఎవరో ఒకరు క్యాన్సెల్ కొడతారు. లెక్క కోసం టాస్క్ స్టేటస్‌లో క్రియేటెడ్ చూసుకోండి.

ఉదయం నుంచి జరిగిన మార్పులు రావు. రీఇండెక్స్ మొదలైన క్షణానికి సోర్స్ ఎలా ఉందో అదే చదువుతుంది. డాక్యుమెంట్లలో అప్‌డేట్ అయిన సమయం రాసే ఫీల్డ్ ఉంటే పని తేలిక. ఇది ముగిశాక, టాస్క్ మొదలైన సమయానికి పది నిమిషాల ముందు నుంచి జరిగిన మార్పులకి రేంజ్ క్వెరీ పెట్టి రెండో రీఇండెక్స్ కొట్టండి. ఈసారి ఆప్ టైప్ క్రియేట్ పెట్టొద్దు, సరిదిద్దినవి పాతవాటి మీద రాయాలి. మొదలైన సమయం టాస్క్ వివరాల్లోనే స్టార్ట్ టైమ్ ఇన్ మిల్లీస్ అని ఉంటుంది, ఇప్పుడే రాసిపెట్టుకోండి.

తర్వాత రీఫ్రెష్ ఇంటర్వెల్ మామూలుగా పెట్టి, రెప్లికా 1 చేసి, క్లస్టర్ గ్రీన్ (షార్డులూ రెప్లికాలూ అన్నీ సిద్ధం) అయ్యేదాకా ఆగండి. అప్పుడు ఎడిటోరియల్ వాళ్లని కొద్దిసేపు సేవ్ చేయొద్దని చెప్పి, చివరి మార్పులకి ఇంకోసారి అదే చిన్న రీఇండెక్స్ కొట్టి, అలియాస్‌ని (సైట్ ఇండెక్స్‌ని పిలిచే మారుపేరుని) పాతదాని నుంచి తీసి కొత్తదానికి తగిలించండి. రెండు పనులూ ఒకే అలియాసెస్ రిక్వెస్ట్‌లో పెడితే ఒక్కసారే జరుగుతాయి, మధ్యలో పాఠకుడికి ఖాళీ పేజీ కనపడదు.

తీసేసిన వ్యాసాల్ని రీఇండెక్స్ పట్టించుకోదు. పాతదాంట్లో లేకపోయినా కొత్తదాంట్లో మిగిలిపోతాయి. ఆ రెండుమూడింటి ఐడీలు ఎడిటోరియల్ వాళ్ల దగ్గర తీసుకుని, అలియాస్ మార్చకముందే కొత్త ఇండెక్స్‌లో చేత్తో డిలీట్ చేయండి.