అభియోగం మోపేది పోలీసులా, కోర్టా?

గోదారిగట్టు: ఒక మాజీ సర్పంచి మీద పోలీసులు చార్జిషీటు దాఖలు చేస్తే పత్రిక 'అభియోగాలు మోపారు' అని రాసింది. ఆ పని కోర్టుది కదా?

పాతప్లీడరు: కోర్టుదే. పోలీసులు ఇచ్చేది దర్యాప్తు నివేదిక. నేర విచారణ విధానం చెప్పే కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్ష సంహితలో అది 193వ సెక్షన్, పాత సీఆర్‌పీసీలో 173. జడ్జి దాన్ని చదివి, ఇరుపక్షాలూ చెప్పేది విని, తగిన ఆధారం కనిపిస్తే అభియోగాలు నమోదు చేస్తారు. లేదంటే డిశ్చార్జి, అంటే సాక్ష్యాల విచారణ దాకా పోకుండానే కేసు నుంచి విడుదల.

నిలువుటద్దం: చార్జిషీటును తెలుగులో అభియోగపత్రం అనే రాస్తాం. ఆ పత్రం వేసినవారు అభియోగం మోపలేదట! పైగా చిన్న నేరాలకు పెట్టే సమన్స్ కేసుల్లో అభియోగాల నమోదే ఉండదు. అక్కడ నిందితుడు కడిగిన ముత్యమా?

పాతప్లీడరు: అక్కడ మేజిస్ట్రేటు నేర వివరాలు చెప్పి, ఒప్పుకుంటావా అని అడుగుతారు. దారి మళ్లించకండి. ఎన్నికల్లో అభ్యర్థి ఇచ్చే ఫారం 26 అఫిడవిట్ చూడండి. ఎఫ్ఐఆర్ నంబరుకు ఒక గడి, అభియోగాలు నమోదయ్యాయా లేదా అన్నదానికి వేరే గడి.

చిత్రగుప్త: గడులు నింపేవారికే తెలుస్తుంది ఆ బాధ.

నిలువుటద్దం: మా నాన్నగారి స్థలాన్ని దొంగ దస్తావేజుతో అమ్ముకున్న మనిషి మీద చార్జిషీటు పడి ఏళ్లయింది. వాయిదాలే వాయిదాలు. 'కోర్టు నా మీద అభియోగమే మోపలేదు' అంటూ ఊళ్లో పెద్దమనిషిగా తిరుగుతున్నాడు. మీ సూక్ష్మం ఇలాంటివాళ్లకే పనికొస్తుంది.

వేపచెట్టు: మా తమ్ముడి పేరు కొట్లాట కేసు చార్జిషీటులో ఇరికించారు. కోర్టు డిశ్చార్జి చేసింది. ఈలోపే 'అభియోగాలు' అన్న వార్త చూసి పిల్లనిస్తామన్నవాళ్లు వెనక్కి తగ్గారు. డిశ్చార్జి సంగతి ఏ పత్రికా రాయలేదు. దానికి జవాబు చెప్పండి.

నిలువుటద్దం: ఒక్క మీ తమ్ముడి కోసం వందమంది మోసగాళ్లను వదిలేయాలా? నన్నడిగితే చార్జిషీటు నాడే ఇలాంటివాళ్లను ఎన్నికల నుంచి దూరం పెట్టాలి.

వేపచెట్టు: చివరికి బయటపడ్డారు. రుజువు కాకముందే శిక్ష కావాలి మీకు.

పాతప్లీడరు: చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ 2014లో ఇచ్చిన 244వ నివేదిక కూడా చార్జిషీటు దశ వద్దంది. కోర్టు అభియోగాలు నమోదు చేశాక, అదీ తీవ్ర నేరాల్లోనే అనర్హత ఉండాలంది. 2018లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం అదీ తన పని కాదు, పార్లమెంటుదేనంది. నేటికీ అనర్హత శిక్ష పడ్డాకే. మీ కేసు సంగతికొస్తే, కొత్త చట్టంలో అభియోగాలపై మొదటి విచారణ నుంచి 60 రోజుల్లో నమోదు ముగియాలి. మీ ప్రాసిక్యూటరును అడగండి.

నిలువుటద్దం: అడిగాను. మాది కొత్త చట్టం అమల్లోకి వచ్చిన 2024 జులై 1కి ముందు నుంచీ నడుస్తున్న కేసు, పాత చట్టమే వర్తిస్తుందన్నారు.