బద్దీకి పోయిన మాత్రల కంపెనీలు: ఉద్యోగాలు పుట్టాయా, లేచిపోయాయా?

సిక్కోలు చిన్నోడు:
నిన్న ఊళ్లో రచ్చబండ దగ్గర పెద్ద గొడవ. ఆంధ్రాకి హోదా ఇచ్చి ఉంటే హిమాచల్‌లో బద్దీ లాగా మా రణస్థలం, పైడిభీమవరం కంపెనీలతో కిటకిటలాడేవని నేనన్నాను. మా మావయ్య ఒకే ఒక్క మాట అడిగారు: "బద్దీలో కంపెనీలు ఆకాశంలోంచి ఊడిపడ్డాయేటి? ఎవరూర్నుంచి పోయాయో కనుక్కున్నావా?" నా దగ్గర జవాబు లేదు. హైదరాబాద్ నుంచి చాలా పోయాయని విన్నాను. అప్పట్లో ఫార్మాలో పనిచేసినవాళ్లు చెప్పండి. రాయితీ ఇస్తే ఉద్యోగం కొత్తగా పుడుతుందా, ఒకచోట పీకి ఇంకోచోట నాటడమేనా?

చిత్తూరోడు:
అద్దె ఇల్లు మారినట్టే తమ్ముడూ. సామాను అదే, వాకిలి వేరే.

లెక్కల మాష్టారు:
ముందుగా ఒక సవరణ. హోదాకీ పన్ను మినహాయింపుకీ సంబంధం లేదు. హిమాచల్‌ 1971లో రాష్ట్రమైంది, హోదా అప్పటి సంగతి. బద్దీలో ఫ్యాక్టరీలు బారులు తీరింది 2003 తర్వాత. ఆ ఏడాది జనవరిలో కేంద్రం హిమాచల్, ఉత్తరాంచల్‌లకు విడిగా పారిశ్రామిక ప్యాకేజీ ఇచ్చింది. పదేళ్లు ఎక్సైజ్, అంటే సరుకు తయారీ మీద కేంద్రం వేసే పన్ను, లేదు. మొదటి ఐదేళ్లు లాభం మీద ఆదాయపు పన్ను లేదు, తర్వాతి ఐదేళ్లు కంపెనీలకు లాభంలో 30 శాతం మినహాయింపు. యంత్రాల మీద 15 శాతం సబ్సిడీ, అదీ 30 లక్షలకు మించకుండా. హోదా అంటే ప్రధానంగా కేంద్ర పథకాల్లో 90:10 వాటా, అంటే ఖర్చులో 90 కేంద్రానిది, 10 రాష్ట్రానిది. దయచేసి రెండూ కలపొద్దు.

సిక్కోలు చిన్నోడు:
మాష్టారూ, జనం హోదా అడిగింది ఆ మినహాయింపులు వస్తాయనే కదండీ.

లెక్కల మాష్టారు:
జనం అనుకున్నంత మాత్రాన ఒకటైపోవు.

ప్యాకింగ్ అక్క:
హోదా, ప్యాకేజీ తేడా నాకు తెల్వదు. తెల్సింది చెప్త. జీడిమెట్లల ఒక మాత్రల కంపెనీల పదకొండేండ్లు ప్యాకింగ్ సెక్షన్‌ల చేసిన, ఆఖరి మూడేండ్లు సూపర్‌వైజర్‌ను. కంపెనీ పేరు చెప్ప, ఓనరు ఇంకా ఉన్నడు. మావి సొంత బ్రాండ్లు కావు, పెద్ద కంపెనీలకు చేసిచ్చేటోళ్లం. షిఫ్టుకు నలభై మంది ఆడోళ్లం. చింతల్, సూరారం, గాజులరామారం నుంచి నడ్సుకుంట వచ్చేటోళ్లు. బెల్టు మీద స్ట్రిప్పులు వస్తాంటే ఖాళీ గుంత ఉన్నది ఏరుడు, పగిలిన మాత్ర ఉన్నది ఏరుడు, పదికి పది చూసి డబ్బాల పెట్టుడు. పొద్దుమీకేవరకు కండ్లు గుంజేటియి.

2005 దసరాకు మెషిన్లకు పసుపు కుంకుమ పెట్టి గుమ్మడికాయ కొట్టినం. సంక్రాంతి వచ్చేవరకు మాత్రలను స్ట్రిప్పుల పెట్టే రెండు బ్లిస్టర్ మెషిన్ల బోల్టులు ఇప్పి లారీకి ఎక్కిచ్చిన్రు. ఏడికి అంటే "సర్వీసింగుకు" అన్నరు. గా మెషిన్లు మళ్ల రాలె. ఉగాది అయినంక మమ్ముల పంపిన్రు. పదకొండేండ్లకు నా చేతుల పెట్టింది 14 వేలు. తర్వాత తెల్సింది, బద్దీల కొత్త షెడ్డు లేచిందని. తమ్ముడూ, మీ మావయ్య అడిగింది కరెక్టే.

గ్రాన్యులేషన్:
అక్కా, మీ బాధ నేను కాదనను. కానీ కారణం తప్పు చెబుతున్నారు. 2005 జులై నుంచి కొత్త షెడ్యూల్ ఎం, అంటే మందుల ఫ్యాక్టరీ ఎలా ఉండాలో చెప్పే నిబంధనలు, అమల్లోకి వచ్చింది. గాలి శుద్ధి చేసే యూనిట్లు పెట్టాలి, ఏ పనికి ఆ గది వేరుగా ఉండాలి, గోడా నేలా కలిసే మూల కూడా దుమ్ము పట్టకుండా గుండ్రంగా కట్టాలి. జీడిమెట్ల, బాలానగర్ రేకుల షెడ్లలో అది అయ్యే పనేనా? ఎలాగూ కొత్తది కట్టాల్సినవాడు పన్ను లేని చోట కట్టుకున్నాడు. బద్దీ అనే ఊరే లేకపోయినా మీ షెడ్డు మూతపడేది.

ఇంకో మాట. హైదరాబాద్‌కి పోయిందేమిటి? ఎగుమతి సరుకు మీద ఎక్సైజ్ భారం ఎప్పుడూ లేదు కాబట్టి అమెరికాకి పంపే ప్లాంట్లు కదల్లేదు. బాచుపల్లి చూడండి, జడ్చర్ల చూడండి. బల్క్ డ్రగ్స్, అంటే మాత్రలకి వాడే ముడిమందులు, ఇక్కడే ఉన్నాయి. బద్దీకి పోయింది దేశంలో అమ్ముకునే మాత్రలు, సిరప్పులు. అంతే.

లెక్కల మాష్టారు:
షెడ్యూల్ ఎం సరే. దానికి ఆర్నెల్ల ముందు, 2005 జనవరిలో, మందుల మీద ఎక్సైజ్‌ని ఎంఆర్‌పీకి మార్చిన సంగతి ఎందుకు మింగేశారు? చూడండి. ఎంఆర్‌పీ 100 రూపాయలున్న పెట్టె. చేసిచ్చే చిన్న కంపెనీ దాన్ని 20కి ఇస్తోందనుకుందాం. పాత పద్ధతిలో ఆ 20 మీద 16 శాతం, అంటే 3.20. కొత్త పద్ధతిలో ఎంఆర్‌పీలోంచి 40 శాతం తీసేసి, మిగిలిన 60 మీద 16 శాతం, అంటే 9.60. సరుకు ధరలో దాదాపు సగం పన్నుకే. అదే పెట్టె బద్దీలో చేస్తే సున్నా. ముడిమందు హైదరాబాద్ నుంచి ఇంచుమించు 1,800 కిలోమీటర్లు లారీలో పోయి, మాత్రగా మారి, మళ్లీ సికింద్రాబాద్ మందుల షాపుకి తిరిగొచ్చినా గిట్టుబాటే. చౌక ప్రాంతం అంటుంటారు. అక్కడ చౌకైంది కూలీ కాదండీ, పన్ను.

గ్రాన్యులేషన్:
40 కాదు, 42.5.

లెక్కల మాష్టారు:
అది తర్వాత పెంచింది. మొదట 40.

గ్రాన్యులేషన్:
నేను ఇన్వాయిస్‌లు చూసిన మనిషిని. 42.5.

లెక్కల మాష్టారు:
ఏ ఏడాది ఇన్వాయిస్‌లు? నేను 2005 జనవరి గురించి మాట్లాడుతున్నాను.

చిత్తూరోడు:
రెండున్నర శాతం కోసం కొట్టుకోండి, అక్క పక్కన నిలబడి చూస్తుంటుంది.

ఓరుగల్లు బిడ్డ:
వచ్చినప్పుడు సప్పట్లు, పోయినప్పుడు ఏడుపులా? 2021ల కేరళ నుంచి బట్టల కంపెనీ కైటెక్స్ ఓనరును మన సర్కారు స్పెషల్ విమానం పంపి తోల్కొచ్చింది. మా దగ్గర గీసుకొండ టెక్స్‌టైల్ పార్కుల ఫ్యాక్టరీ కట్టిన్రు. మా చెల్లె కుట్టుమిషన్ నేర్చుకున్నది. అది గూడ ఇంకోళ్ల కాడికెళ్లి గుంజుకున్నట్టేనా? వద్దనాల్నా?

కొచ్చిలో తెలుగోడు:
కిజక్కంబలంలో వాళ్ల పాత ఫ్యాక్టరీ పోలేదు, నడుస్తూనే ఉంది. మీ దగ్గరికి వచ్చింది కొత్త పెట్టుబడి. ఉన్నది లేచిపోవడం వేరు, రావాల్సింది రాకపోవడం వేరు. రెండో దానికి ఏడ్చేవాడు కనపడడు.

చిత్తూరోడు:
మాకు కనపడతాడు. 2022లో బ్యాటరీల కంపెనీ అమరరాజా 9,500 కోట్లు దివిటిపల్లిలో పెడతామని తెలంగాణతో ఒప్పందం రాసుకునింది. మా ఊరి పాత ఫ్యాక్టరీలు అట్నే ఉండాయి, నిజమే. పిల్లోళ్లు మాత్రం కొత్తది ఇక్కడికే వస్తాదని చూసినారు. ఇంక ఎవరి వల్ల పోయిందో నేను చెప్తే ఈ పోస్టు ఉండదు.

మోడరేటర్:
ఉండదు. దీని కింద వచ్చిన పార్టీల పోస్టులు నాలుగు తీసేశాను. మందుల కంపెనీల మీదే మాట్లాడండి.

ప్యాకింగ్ అక్క:
గ్రాన్యులేషన్ సారూ, జడ్చర్ల జడ్చర్ల అంటున్నరు. పోయిన. గేటు కాడ ఎంత చదివినవ్ అని అడిగిన్రు. ఎనిమిది అన్న. ఫారం గూడ ఇయ్యలె. ఆడ బీఫార్మసీ పోరలు కావాలె, ఇంగ్లీషుల రికార్డు రాయాలె. హైదరాబాద్‌కు ఏం పోలేదంటరు. హైదరాబాద్‌కు పోలేదేమో, షాపూర్‌నగర్‌కు పోయింది. మాతోని చేసిన ఆడోళ్లల్ల కొందరు ఇండ్లల్ల బాసాండ్లకు కుదిరిన్రు, కొందరు బిల్డింగు పనికి పోయిన్రు. మాత్ర ఏరుడు తప్ప ఇంకో పని తెల్వదు మాకు.

సార్లకు మాత్రం ఏం కాలె. కెమిస్టులు, మెయింటెనెన్స్ సార్లు ట్రాన్స్‌ఫర్ మీద బద్దీ పోయిన్రు. జీతం పెంచిచ్చిన్రు, ఉండేతందుకు ఇల్లిచ్చిన్రు. మెషిన్లు ఏడికి పోతున్నయో వాళ్లకు ఎరుకే. ఒక్కలన్న నోరు ఇప్పలె. "సర్వీసింగు" అని చెప్పింది గూడ ఒక సారే. ఇయ్యాల వాళ్లే షెడ్యూల్ ఎం, మూల గుండ్రం అని పాఠాలు చెప్తరు.

గ్రాన్యులేషన్:
చాలు. ఇక్కడితో ఆపండి. ఆ "సార్ల"లో నేనొకణ్ని. మీ కంపెనీ కాదు, బాలానగర్‌లో వేరేది. 2006 ఏప్రిల్‌లో బద్దీ వెళ్లాను. ఇల్లిచ్చారా? ఒక గదిలో నలుగురం తెలుగువాళ్లం. జనవరిలో కొబ్బరినూనె సీసా స్టవ్ పక్కన పెట్టి కరగబెట్టుకునేవాళ్లం. మా పాప అప్పుడు రెండో తరగతి. తను పదో తరగతి పాసైందని ఫోన్‌లో విన్నాను. వెళ్లకపోతే కూకట్‌పల్లి ఇంటి లోను ఎవడు కట్టేవాడు? పదేళ్ల మినహాయింపు 2016లో తీరింది. ఏడాది తిరక్కుండా ఓనరు లైన్లు తగ్గించాడు. జీఎస్టీ వచ్చేనాటికి నేను నలభై తొమ్మిదేళ్ల వయసులో సూట్‌కేసుతో నాంపల్లి స్టేషన్లో దిగాను. నా మీద పడి ఏడవకండి.

అప్పట్లో హిమాచల్‌లో స్థానికులకి 70 శాతం ఉద్యోగాలివ్వాలని షరతు ఉండేది. నేను పని నేర్పిన వాళ్లు మాత్రం చాలామంది యూపీ, బీహార్ నుంచి కాంట్రాక్టరు తెచ్చిన పిల్లలు. వాళ్లకీ ఏమీ మిగల్లేదు.

ప్యాకింగ్ అక్క:
నిన్ను పోవద్దన్ననా సారూ? నీ పిల్లల కోసం నువ్వు పోయినవ్, నేనైనా పోదును. చెప్పి పోవాల్సింది అంటున్న. సంక్రాంతికే చెప్తే మేం వేరే కంపెనీల అడ్గుకుంటుంటిమి, పండుగకు అప్పు చెయ్యకపోతుంటిమి. మెషిన్లు వస్తయి, వస్తయి అని మూడు నెల్లు కూసున్నం.

లెక్కల మాష్టారు:
ఇక్కడ చట్టం ఉంది. యాభై మంది, ఆపైన కార్మికులుంటే మూసే 60 రోజుల ముందు ప్రభుత్వానికి నోటీసు ఇవ్వాలి. అప్పట్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం అది. మీవాళ్లు లేబర్ ఆఫీసుకి వెళ్లలేదా?

ప్యాకింగ్ అక్క:
రిజిస్టర్ల 46 మందిమే ఉన్నం సార్. మిగిలినోళ్లంత కాంట్రాక్టరు కింద.

లెక్కల మాష్టారు:
ఓ.

గ్రాన్యులేషన్:
ఎందుకు చెప్పలేదంటే, చెబితే మీరు గేటుకి అడ్డం కూర్చుంటారు, లారీ కదలనివ్వరు. మా దగ్గర ఓనరు నాతో అన్న మాట ఇదే.

ప్యాకింగ్ అక్క:
కూసునేటోళ్లమే.

గ్రాన్యులేషన్:
కూర్చుంటే మాత్రం ఏమయ్యేది? పాత మెషిన్ వదిలేసి కొత్తది కొనుక్కునేవాడు. సబ్సిడీ ఎలాగూ ఉంది.

ప్యాకింగ్ అక్క:
కొనుక్కోనియ్యి. మెషిన్ అన్న మాకు ఉండేది. అమ్ముకుంటే తలా కొన్ని పైసలు వస్తుండె. పదకొండేండ్లు దాన్ని తుడిచినోళ్లం మేము, సారూ. అది ఓనర్ది అంటరు, అవునేమో. లారీ పోయేటప్పుడు గేటు తీసింది గూడ మేమే, నవ్వుకుంట టాటా చెప్పినం. అది యాదికొస్తే ఇప్పటికీ నిద్ర రాదు.

ఓరుగల్లు బిడ్డ:
అక్కా, నేను ఇందాక అన్నది నీ గురించి కాదు.

ప్యాకింగ్ అక్క:
తెల్సు బిడ్డా. మీ చెల్లెను మంచిగ చేసుకోమను. రిజిస్టర్ల పేరుందో లేదో మాత్రం చూస్కోమను.

గ్రాన్యులేషన్:
ఒక సంగతి చెప్పాలా వద్దా అని ఇంతసేపూ ఆలోచించాను. బద్దీలో నేను చేరిన షెడ్డులో ఒక పాత బ్లిస్టర్ మెషిన్ ఉండేది. దాని గార్డు మీద తెలుగులో "చేయి పెట్టరాదు" అని పెయింటుతో రాసి ఉంది. అక్కడి అమ్మాయిలు ఏం రాసుందని అడిగేవాళ్లు. దేవుడి పేరు అనుకుని పొద్దున్నే దణ్నం పెట్టుకునే పిల్ల ఒకతె ఉండేది. ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే ఎవరూ చెప్పలేదు.

ప్యాకింగ్ అక్క:
రాసింది ఎర్ర పెయింటా?

గ్రాన్యులేషన్:
నీలం.

ప్యాకింగ్ అక్క:
అయితే మాది కాదు. మాది ఎర్రది, నేనే రాసిన.

సిక్కోలు చిన్నోడు:
ఇంతకీ మా మావయ్యకి ఏం చెప్పమంటారు?

లెక్కల మాష్టారు:
హోదా వేరు, ప్యాకేజీ వేరు అని చెప్పండి.